పసుపు మూత సీసా

ఫిబ్రవరి 4

జనవరి పందొమ్మిదో తేదీ పొద్దున్న సంగతి రాసుకోవాలనిపించింది. ఎందుకో తెలియదు. ఆ పొద్దున్న ప్రత్యేకంగా ఏమీ జరగలేదు.

ఐదున్నరకి లేచాను. ప్రార్థన చేసుకున్నాను. నీళ్ళు కాచాను. తమ్ముడు లేచి వెనక గుమ్మం దగ్గర కూర్చుని బ్రష్షులు కడిగాడు. రాత్రి కడక్కుండా వదిలేస్తే వెంట్రుకలు బిరుసెక్కుతాయని వాడికి తెలుసు. బోర్డులు రాయడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. అయినా ప్రతి రాత్రీ వదిలేస్తాడు, ప్రతి పొద్దున్నా తనని తానే తిట్టుకుంటూ కడుగుతాడు. కిరసనాయిలు వాసన వంటింటిదాకా వచ్చింది. మరదలు కిందికి వెళ్ళి తన జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తింది. ఆ చప్పుడుకి రోజూలాగే పిట్టగోడ మీది పావురాలు లేచి, మళ్ళీ అక్కడే వాలాయి. ఈ ఇంట్లో మేం ముగ్గురం. ముగ్గురి పొద్దున్నలూ ఇలా చప్పుళ్ళతోనే తెలుస్తాయి.

నేను వాడి తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. కాలరు గుండీ వదులైతే బిగించాను.

"కళ్ళ డాక్టరుకి ఇస్త్రీ చొక్కా ఎందుకక్కా? ఆయన చూసేది కళ్ళేగా."

"కళ్ళ కింద చొక్కా కూడా కనబడుతుంది. వేసుకో."

వారం ముందు పరుపుల దుకాణానికి బోర్డు రాసినప్పుడు చివరి అక్షరం గీత దిగి కిందికి జారింది. దుకాణదారు పైకి చూసి, "పెయింటర్ గారూ, పరుపుల బోర్డు కదా, మీ అక్షరానికి నిద్రొచ్చినట్టుంది," అన్నాడట. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఇంటికొచ్చి నాకు చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు. దారం కట్టకుండా గీత తప్పకుండా రాసే చెయ్యి వాడిది. అప్పుడు గుర్తొచ్చింది, ఆర్నెల్లుగా వాడి ఎడమ భుజం గుమ్మానికి తగులుతూనే ఉంది.

డాక్టరు కుర్రవాడు. నెమ్మదస్తుడు. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ కంటికి వాడు చాలాసేపు నొక్కలేదు. నేను బెంచీ మీద కూర్చుని ఆ నిశ్శబ్దం విన్నాను.

గ్లకోమా. అమ్మ కాలంలో నీటికాసులనేవాళ్ళు. ఎడమ కంట్లో ఒత్తిడి ఇరవై తొమ్మిది, కుడి కంట్లో ఇరవై ఆరు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలన్నాడు. చుక్కల మందు రాశాడు. పొద్దున్నా సాయంత్రం, రెండు కళ్ళలో, ఒక్కొక్క చుక్క. కంట్లో వేసేదే అయినా ఒంట్లోకీ కొంత పోతుందని, అందుకే కొన్ని ప్రశ్నలని అన్నాడు.

డాక్టర్లు అడిగినదానికి జవాబు చెప్పేది ఈ ఇంట్లో నేను. అమ్మ పోయినప్పటినుంచీ అంతే. తమ్ముడి జ్వరానికీ, చెల్లెలి పంటినొప్పికీ, చివరికి మరదలి నడుం నొప్పికీ నేనే చెప్పాను.

షుగరుందా అన్నాడు. లేదన్నాను. గుండె జబ్బు? లేదన్నాను. ఇంకొకటి కూడా అడిగాడు. ఎప్పుడైనా, చిన్నప్పుడైనా సరే, అని కూడా అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు.

"లేదండీ," అన్నాను.

తమ్ముడు తల ఊపాడు. డాక్టరు కాగితం మీద గీత పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏ బోర్డు ఎవరు రాశారో, ఎవరి చెయ్యి వంకరో చెబుతూనే ఉన్నాడు. మామూలు పొద్దున్న.

ఫిబ్రవరి 5

ఇది నా పుస్తకం. నాకు నేను రాసుకోవడంలో తప్పు లేదు.

తమ్ముడికి చిన్నప్పుడు ఊపిరి అందని జబ్బుండేది. దాని పేరు రాయను. అమ్మ పోయిన ఏడాది, వాడికి తొమ్మిదేళ్ళప్పుడు, ఒక తెల్లవారుజామున వాడి పెదాలు నీలంగా అయిపోయాయి. నాకు పదిహేడు. చెల్లెలికి పదమూడు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూ దేవుడికి మాటిచ్చాను. వీడికి ఊపిరినివ్వు, దీని పేరు మళ్ళీ నా నోట రాదు, ఈ ఇంట్లో ఎవరి నోటా రానివ్వను అని.

తెల్లారేసరికి వాడు పడుకున్నాడు. ఆ తర్వాత రెండు మూడుసార్లు వచ్చి, పన్నెండో ఏట పూర్తిగా పోయింది. అప్పటినుంచీ మా ముగ్గురిలో ఎవరూ ఆ మాట అనలేదు. చెల్లెలు ఒకసారి నోరు జారబోతే వాడే దాని నోరు మూశాడు. వాడి పెళ్ళప్పుడు అత్తవారు ఆరోగ్యం సంగతి అడిగితే, మా వాడు ఉక్కు అన్నాను.

డాక్టరుకి నేను చెప్పినది అబద్ధం కాదు. ముప్ఫై నాలుగేళ్ళుగా లేనిదాన్ని లేదన్నాను.

ఫిబ్రవరి 8

చుక్క వేయడంలో చెయ్యి కుదిరింది. యూనిఫారాల వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళుగా కాజాలు కుడుతున్న చెయ్యి. వణకదు.

వాడు వెల్లకిలా పడుకుంటాడు. నేను చేతులు కడుక్కుని, పసుపు మూత తీసి, ప్రార్థన చేసుకుని, కింది రెప్ప కొంచెం లాగి ఒక్క చుక్క వేస్తాను. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కన్ను మూయించి, ముక్కు పక్కన మూలని వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టాలి. అలా పడితే ఒంట్లోకి తక్కువ పోతుందని డాక్టరు చూపించాడు. నేను మనసులో నూట ఇరవై లెక్కపెడతాను.

"అక్కా, నువ్వేస్తే చుక్క పడినట్టే తెలియదు. నీ చూపు పడితే మాత్రం తెలుస్తుంది."

"కదలకు. ఎనభైకి వచ్చాను."

"ఎనభయ్యేనా? నేను అప్పుడే తొంభై చెప్పుకున్నాను. నీ గడియారం నిదానం."

ఇరవై ఒక్క రోజుల్లో ఒక్క పూటా తప్పలేదు. ఒక్క చుక్కా బయట పడలేదు.

ఫిబ్రవరి 11

తమ్ముడు దగ్గుతున్నాడు. పెయింటు వాసన.

ఫిబ్రవరి 12

దగ్గు తగ్గింది.

ఫిబ్రవరి 13

తగ్గలేదు. ఈ మధ్య చలి కూడా ఎక్కువగానే ఉంది. మరదలు మిరియాలు వేసి కషాయం కాచింది. "ఏమండీ, మూతి ముడవకుండా తాగండి, మీరు రాసే రంగుల కంటే నయమే," అంది. తాగాడు.

ఫిబ్రవరి 16

కంటి ఆసుపత్రికి వెళ్ళాం. ఎడమ పదిహేడు. కుడి పదహారు.

డాక్టరు సంతోషించాడు. "మందు బాగా పనిచేస్తోంది. ఎవరు వేస్తున్నారు?" అని అడిగాడు. తమ్ముడు నన్ను చూపించాడు. "ఇంత క్రమంగా వేసేవాళ్ళు తక్కువండీ," అన్నాడు నాతో. నాకు గర్వం కలిగింది. రాయకపోతే అది లేనట్టవుతుంది కాబట్టి రాస్తున్నాను.

ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగాడు. తమ్ముడు, "కొంచెం దగ్గు," అన్నాడు.

"పెయింటు వాసనకండీ," అన్నాను నేను.

"ఆయాసం, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే మందు ఆపి వెంటనే రండి."

అలాగేనన్నాం.

ఇంటికి రాగానే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అడిగినది ఇచ్చాడు.

ఫిబ్రవరి 20

మా మెట్లు పద్దెనిమిది. తమ్ముడు తొమ్మిదో మెట్టు మీద ఆగి, పాత పేపరు ముక్క ఏదో తీసి చదువుతున్నాడు. మెట్ల మీద పేపరు చదివే అలవాటు వాడికి లేదు. కింద షాపు గుమ్మంలోంచి మరదలు చూస్తోంది.

"ఏంటండీ, మెట్ల మీదే కాపురం పెట్టారా?"

"వార్త బాగుంది, ఆగాను."

"నిరుటి పేపరది. ఏం బాగుంది అందులో?"

తర్వాత మరదలు నా దగ్గరకొచ్చి, "వదినా, ఆయన ఊపిరి పీల్చుకుంటుంటే నిద్రలో ఒక చప్పుడు వస్తోంది. తలుపు సందులోంచి గాలి దూరినట్టు," అంది.

నాకు ఆ చప్పుడు తెలుసు.

"దిండు ఎత్తుగా పెట్టు," అన్నాను.

ఫిబ్రవరి 23

పొద్దున్న చుక్క వేయబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ ఒక్క పూట వద్దక్కా. వేసిన తర్వాత ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది."

"చూపు పోతే తిరిగి రాదన్నాడు డాక్టరు."

"ఒక్క పూటే."

"ఒక్క పూటతోనే మొదలవుతుంది ఏదైనా."

చెయ్యి తీసేశాడు. ఎప్పుడూ నా మాట తీసెయ్యడు. నూట ఇరవై లెక్కపెట్టాను. లెక్కపెడుతున్నంతసేపూ వాడు నా ముఖంలోకే చూశాడు, మూయని కంటితో.

ఫిబ్రవరి 24

వర్క్‌షాపులో మూడు చొక్కాలకి కాజాలు ఎడం తప్పి కోశాను. మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. "మీరు తప్పడమేంటమ్మా," అన్నాడు. గుడ్డ కోసేశాక చేసేదేమీ ఉండదు. విప్పి కుట్టే పని కాదది.

ఫిబ్రవరి 26

వాడు మందగించాడు. మందుల దుకాణం బోర్డు సగం రాసి నాలుగు రోజులుగా గోడకి ఆనించి ఉంచాడు. నిచ్చెన ఎక్కబుద్ధి కావడం లేదంటాడు. పని చేసేటప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి, అదీ లేదు. చెయ్యి పట్టుకుని చూశాను. నాడి మరీ నిదానంగా కొట్టుకుంటోంది. నాకు నాడి చూడటం రాదు.

ప్రార్థన ఒక గంట ఎక్కువ చేశాను. డాక్టరు దగ్గరికి వెళ్దామా అని మరదలు అడిగింది. వచ్చే నెల పదహారున తిరిగి రమ్మన్నాడుగా అన్నాను.

వెళితే మళ్ళీ అడుగుతాడు.

మార్చి 1

ఇవాళ వాడు ఎక్కువ మాట్లాడాడు. బాగుంది.

మార్చి 3

నిన్నటిది రాయాలి.

సాయంత్రం ఆరున్నరకి చుక్క వేశాను. లేచి స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి, "అక్కా, కిటికీ తియ్," అన్నాడు.

కిటికీ తీసే ఉంది.

"తీసే ఉందిరా."

"ఇంకా తియ్."

రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి వంగాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఎలా వంగేవాడో అలాగే. భుజాలు పైకి లేస్తున్నాయి, ఊపిరి మాత్రం లోపలికి వెళ్ళడం లేదు. నేను కూర్చుని వీపు రాశాను. ప్రార్థన మొదలుపెట్టాను. మరదలు ఏదో చప్పుడు విని పద్దెనిమిది మెట్లూ పరుగెత్తుకుంటూ వచ్చింది. "వదినా! ఏం చేస్తున్నారు కూర్చుని! లేవండి! ఆటో!" అని అరిచింది. ఆవిడ అరవకపోతే నేను లేచేదాన్నా? తెలియదు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరమ్మ వాడి ముఖానికి మాస్కు తగిలించింది. అందులోంచి పొగలాంటి మందు వస్తోంది. ఇంజెక్షన్ ఇచ్చారు.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగింది.

"ఏమీ లేవండీ," అంది మరదలు. "కంట్లో చుక్కలు తప్ప."

"ఏం చుక్కలు? చూపించండి."

ఇంటి దగ్గర పట్టుకున్న సీసా పట్టుకున్నట్టే నా గుప్పిట్లో ఉంది. గుప్పిలి విప్పాను. ఆవిడ చదివి, వాడి ముఖం వైపు చూసింది.

"ఇది ఆపండి. ఇక ఒక్క చుక్క కూడా వేయొద్దు. ఆ జబ్బున్నవాళ్ళకి ఈ మందు ప్రమాదం." జబ్బు పేరు పెట్టే చెప్పింది. "ఎవరూ అడగలేదా మిమ్మల్ని?"

"ఆయనకి అలాంటిదేమీ లేదండీ!" అంది మరదలు.

"ఉందమ్మా. ఇక్కడికి వినబడుతోంది. చిన్నప్పుడైనా ఉండేదా?"

మరదలు నా వైపు తిరిగింది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నేను గోడ మీది బోర్డు చదువుతున్నాను. చెప్పులు బయట వదలండి. చెప్పులు బయట వదలండి.

తమ్ముడు మాస్కు కిందనుంచి తల ఊపాడు. ఉండేది అని.

మార్చి 4

ఊపిరి కుదుటపడింది. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అక్కడి కళ్ళ డాక్టరొచ్చి చూసి, వేరే రకం చుక్కలు రాశాడు. రోజుకి ఒక్కసారే. ఊపిరితో దానికి పేచీ లేదట. మూత రంగు వేరు.

అంటే వేరే మందు ఉంది. నేను ఒక్క మాట చెప్పి ఉంటే మొదటిరోజే అదే రాసేవాడు.

మార్చి 5

చెల్లెలు వచ్చింది. బస్ డిపోలో ఎంక్వైరీ కిటికీ దగ్గర దాని ఉద్యోగం. రోజంతా జనానికి జవాబులు చెప్పీ చెప్పీ దానికి అడగడమూ వచ్చు. తమ్ముడి మంచం పక్కన నిలబడే మొదలుపెట్టింది.

"అక్కా, ఆ కళ్ళ డాక్టరు మన వాడి చిన్నప్పటి సంగతి అడిగాడా లేదా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో ఇప్పటికీ తెలియదు. అంతలో తమ్ముడే అన్నాడు.

"అడగలేదు చిన్నక్కా."

"అసలు అడగలేదా?"

"అడిగితే చెప్పనూ?"

మరదలు కళ్ళు తుడుచుకుంది. "అడగకుండా మందు రాసేస్తారా? వాళ్ళింట్లో వాళ్ళకైతే అలాగే రాస్తారా?" అంది.

నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి వచ్చాను. అది నిండే ఉంది.

మార్చి 7

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చాం. మెట్ల మీద మూడుచోట్ల ఆగాడు. కొత్త మందు నన్నే వేయమంది మరదలు. "మీ చెయ్యే నిలకడ వదినా. నా చేతికి వణుకు," అంది. వేశాను. నూట ఇరవై లెక్కపెట్టాను. వాడేమీ జోకు వేయలేదు.

మార్చి 9

మరదలు షాపులో కంప్యూటరు మీద ఫిర్యాదు టైపు చేసింది. ఆసుపత్రి పెద్దలకి ఒకటి, ఇంకెక్కడికో ఒకటి. సాయంత్రం పైకి తెచ్చి చదివి వినిపించింది. ఆవిడ రోజంతా ఊరి జనం దరఖాస్తులు టైపు చేస్తుంది, భాష బాగా వచ్చు. "రోగి పూర్వపు అనారోగ్యాల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, కనీస బాధ్యత లేకుండా మందు రాసిన సదరు వైద్యునిపై తగిన చర్య తీసుకోవలసిందిగా..." అని ఉంది.

"ఆ కుర్ర డాక్టరుని ఉద్యోగంలోంచి తీసేయాలి. ఇంకొకరి ఇంట్లో ఇలా జరక్కూడదు," అంది.

ఆయన ముఖం గుర్తొచ్చింది. చిన్నప్పుడైనా సరే, అని రెండోసారి అడగబోతూ నేను లేదనగానే ఆగినప్పటి ముఖం.

కింద మూడు సంతకాలకి చోటు వదిలింది. తనది, తమ్ముడిది, నాది.

"ఆ గదిలో ఆయనతో ఉన్నది మీరే కదా వదినా. మీ సంతకమే ముఖ్యం. సాక్షి కింద."

"కళ్ళజోడు కనబడటం లేదు. పొద్దున్న పెడతాను," అన్నాను.

కళ్ళజోడు నా తల మీదే ఉంది. మరదలు చూసింది. అలసిపోయాననుకుని ఉంటుంది.

మార్చి 10

సంతకం పెట్టలేదు.

మార్చి 11

మరదలు కింద షాపులో ఉండగా తమ్ముడి దగ్గర కూర్చున్నాను. మందుల దుకాణం బోర్డు ఇంకా గోడకే ఆనించి ఉంది, సగం పేరుతో.

"అడగలేదని ఎందుకన్నావురా?"

వాడు గోడ వైపు తిరిగి ఉన్నాడు. "నువ్వు లేదన్నప్పుడు నేను తల ఊపానుగా. ఇద్దరం కలిసి చెప్పిందే. ఇప్పుడు నువ్వొక్కదానివే ఎందుకు పడాలి?"

"నువ్వు పడ్డావు."

"నాకు నలభై ఆరేళ్ళక్కా. నోరుంది. అయినా నీ వైపు చూశాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాకూ భయమే. నువ్వు ఆ మాట అంటే అది వినబడి తిరిగి వస్తుందేమోనని. నవ్వొస్తోంది కదా?"

నాకు నవ్వు రాలేదు.

"అనకపోయినా వచ్చిందిగా," అన్నాడు.

నేను లేవబోతుంటే, "సంతకం నేను పెట్టేస్తాను. నీ సంతకం లేకపోయినా ఫరవాలేదులే," అన్నాడు.

"ఆ డాక్టరు పెళ్ళికాని కుర్రాడిలా ఉన్నాడు," అన్నాను.

"అయితే ఏంటి?"

"ఏమీ లేదు. నిన్ను బాగా చూశాడు."

ప్రార్థనకి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అడగడమే చేశాను కాబోలు. ఇవాళ అడగడానికి ఏమీ దొరకలేదు. వాడి ఊపిరి వాడికి ఇచ్చి ఏళ్ళు గడిచాయి. ఆ మాట అనొద్దని దేవుడు నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనే మాట ఇచ్చాను.

మార్చి 12

చెల్లెలు డిపోనుంచి నేరుగా వచ్చింది, సంతకాలయ్యాక కాగితం తనే వెళ్ళి ఇస్తానని. నలుగురం ముందు గదిలో కూర్చున్నాం. ఆరు కావస్తోంది. మరదలు షాపు మూసి వచ్చింది. కాగితం బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టింది. తమ్ముడు పెన్ను తీసుకున్నాడు.

"ఆగు," అన్నాను.

ఆ తర్వాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. చెల్లెలికి అర్థమైపోయింది, తల దించుకుంది.

"ఉబ్బసం," అన్నాను. "ఉబ్బసం ఉందా, చిన్నప్పుడైనా ఉండేదా అని ఆ డాక్టరు అడిగాడు. లేదన్నాను. నేనే అన్నాను."

ఇల్లు కూలలేదు. తమ్ముడి ఊపిరి ఆగలేదు. గోడ గడియారం తిరుగుతూనే ఉంది. ముప్ఫై ఏడేళ్ళు దాచిన మాట, మూడు అక్షరాలు.

మరదలు నా వైపు తిరిగింది.

"ఎందుకు వదినా?"

"అననని మాటిచ్చాను."

"ఎవరికి?"

"దేవుడికి."

"నాకు చెప్పొద్దని కూడా దేవుడే అన్నాడా?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఇరవై ఒక్కేళ్ళు. ఆయన పక్కన పడుకుంటున్నాను. ఆ చప్పుడేంటి వదినా అని మిమ్మల్ని వచ్చి అడిగాను. దిండు ఎత్తు పెట్టమన్నారు."

నేను తల మీది కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నాకూ తెలుసు," అంది చెల్లెలు. "అక్క ఒక్కతే కాదు. నేనూ నీకు చెప్పలేదు."

"నేనూ చెప్పలేదు," అన్నాడు తమ్ముడు. "అడగలేదన్నది కూడా నేనే."

"అంటే నాకొక్కదానికే తెలియదన్నమాట," అంది మరదలు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి విప్పిన చప్పుడైంది. నీళ్ళు ఊరికే పోతున్నాయి. ఎవరమూ వెళ్ళలేదు. కుళాయి కట్టేసి, ముఖం తుడుచుకుని తనే తిరిగి వచ్చి కూర్చుంది. "సరే. ఇప్పుడేం చేద్దామో అనుకోండి," అంది.

అనుకున్నాం. ఏమనుకున్నామో రాస్తాను.

ఫిర్యాదు ఇవ్వడం లేదు. మరదలు ఆ కాగితాల మీద అడ్డంగా గీత కొట్టింది. చింపలేదు. వెనక వైపు తెల్లగానే ఉంది కదా, షాపులో చిత్తుకి పనికొస్తాయంది.

రేపు నేను, చెల్లెలు కంటి ఆసుపత్రికి వెళ్ళి, మీరు అడిగారు, మేమే లేదన్నాం అని ఆ డాక్టరుతో చెప్పి రావాలి. పాత కాగితంలో దిద్దించాలి. నీటికాసులు తోడబుట్టినవాళ్ళకీ వచ్చే జబ్బట. అక్కడే మా ఇద్దరి కళ్ళూ చూపించుకోవాలి.

ఇకమీదట డాక్టరు ముందు ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి. ఇది తమ్ముడన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

వాడు ఇక నిచ్చెన ఎక్కడు. బల్ల మీద పెట్టుకుని రాసే పేరు పలకలు మాత్రమే చేస్తాడు. మందుల దుకాణం బోర్డు మిగతా సగం ఇంకొకరికి అప్పగిస్తాడు. చెల్లెలు, "ఎవరు రాసినా నీ గీతకి సరిపడదురా," అంది. వాడు, "నా గీత కూడా సరిపడటం లేదులే," అన్నాడు. అప్పుడు మాత్రం మరదలు కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, చివరి సంగతి తనే చెప్పింది.

"ఆయన కంట్లో మందు ఇక నేను వేస్తాను."

"నీ చేతికి వణుకన్నావుగా," అన్నాడు తమ్ముడు.

"వణికితే వణుకుతుంది. రెండు చుక్కలు పక్కన పడతాయి, అంతేగా."

అందరూ నా కోసం ఆగారు. సరేనన్నాను. సీసా ఎలా పట్టుకోవాలో, మూతి రెప్పకి తగలకుండా ఎంత ఎత్తులో ఉంచాలో, ముక్కు పక్కన ఎక్కడ అదమాలో, నూట ఇరవై ఎంత నిదానంగా లెక్కపెట్టాలో నేనే నేర్పాలి. మూడు రోజులు పక్కన నిలబడి చూపించమంది. నాలుగో రోజునుంచి అక్కర్లేదు.